జేజి ఎదురు తిరిగిన సాయంత్రం

ఆ రోజుల్లో నాకు తెలియనిది కూడా ఈ లోకంలో ఉందని ఎవరైనా అంటే వాళ్ల మీద జాలిపడేదాన్ని. బీయెడ్ అయిన కొత్త, ప్రైవేటు బడిలో సైన్సు టీచరు ఉద్యోగం. చేరిన కొన్నాళ్లకే కరోనా వచ్చి బడి మూతబడింది, బేతంచెర్లలో మా ఇంటి ముందుగదే నా తరగతి అయింది. బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ వింటున్న మిషన్ల రొద లేకపోయేసరికి ఆ నిశ్శబ్దానికే భయం వేసేది. బండల పొడి మాత్రం గోడల మీదా చెట్ల మీదా తెల్లగా అలాగే ఉండేది, ఎవరో ఊరంతా బూడిద చల్లి వెళ్లిపోయినట్టు.

ఆ వానాకాలంలోనే పొద్దుగూకాక ఆకాశంలో తోకచుక్క కనిపించింది. ఫోనులో పిల్లలకు గొంతు చించుకుని చెప్పాను: "బండను పాలిష్‌కు పెట్టినప్పుడల్లా పొడి రాలి బరువు తగ్గుతుంది కదా, తోకచుక్కా అంతే. సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడల్లా దానిలోని మంచు ఆవిరవుతుంది, దుమ్ము రాలిపోతుంది. ఆ పోయేదే తోక. తిరిగే కొద్దీ అరిగిపోతుంది. చివరికి ఏమీ మిగలదు." (చివరి మాట కావాలనే గొంతు తగ్గించి అన్నాను. అట్లా అంటే గానీ పిల్లలు నిద్ర లేవరు.) గుమ్మంలో చింతపండు గింజలు తీస్తున్న మా జేజి, అంటే నాయన తల్లి, చేతులాపి వింది.

"ధూమకేతువేనా పాపా నువ్వు చెప్పేది?"

"అదే జేజీ" అని నేను ఫోను వైపు తిరిగాను.

మర్నాడు సాయంత్రం తోకచుక్క చూపిద్దామని పిలిస్తే జేజి ఇంట్లో లేదు. మిద్దె ఎక్కాను. చుక్క కొండల మీద వాలి ఉంది. దాని కింద, ఆగిపోయిన ఫ్యాక్టరీ ఆవరణలో, నవగ్రహాల కట్ట చుట్టూ ఒక తెల్లటి ఆకారం తిరుగుతోంది. ముఖం లేదు, అడుగుల చప్పుడు లేదు. పైగా అందరూ తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతోంది. దయ్యాల పాదాలు వెనక్కి ఉంటాయని విన్నాను గానీ, ప్రదక్షిణం కూడా వెనక్కి చేస్తాయని నాకెవరూ చెప్పలేదు. మిద్దె దిగి దగ్గరికి పోయి చూస్తే, ముఖానికి కొంగు చుట్టుకుని, ఒళ్లంతా పొడి కొట్టుకుపోయిన మా జేజి.

"ఈడ ఏం చేస్తాండావు జేజీ?"

ఆగలేదు. "ఇన్నేండ్లు శనివారం శనివారం సూర్యుని సుట్టూ తిరిగితిని కదమ్మా." (నవగ్రహాల నడుమ ఉండేది సూర్యుడేనని ఇంత చదివిన నాకు అప్పుడు తట్టింది.) "రవికెలన్నీ వదులైపాయ. శానా తింటాండా, ఒంటికి పట్టడంల్యా. ఏంటికో నిన్న నీ పాఠం ఇంటే తెలిసె. అందుకే ఎదురు తిరుగుతాండా, రాలింది మళ్లా అతుక్కుంటాదేమోనని."

నవ్వు వచ్చింది. జేజిని ఆపుదామని చెయ్యి పట్టుకున్నాను. నా పిడికిట్లో ఎముక తప్ప ఏమీ లేదు. ఒకే ఇంట్లో ఉంటూ నేను అది చూడనే లేదు.

"ఏమీ మిగలదంటివే పాపా, నిజమేనా?" అంది. అంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు. ఉన్నపళాన ఆసుపత్రికి తీసుకుపోయాం. షుగరు, అదీ బాగా ముదిరింది. మందులు పడ్డాక, చుక్క కనుమరుగైన కొన్నాళ్లకు, జేజి బుగ్గలు మళ్లీ నిండాయి. "మాత్రలదేముండాది, ఎదురు తిరిగితిని కాబట్టి నిలిచితిని" అంటుంది ఇప్పటికీ.

ఆ తోకచుక్క మళ్లీ వేల ఏళ్లకు గానీ రాదట, వచ్చినా ఇంకొంచెం అరిగే వస్తుంది. మొన్న నేను బిగుతైన రవికె కుట్లు విప్పుకుంటుంటే జేజి చూసి, "నువ్వు మాత్రం సక్కగానే తిరుగు పాపా" అంది. అప్పటి టీచరమ్మ అయితే ఒక పాఠం చెప్పేది. నేను నవగ్రహాల కట్ట వైపు నడిచాను.