ఎడమచేతి ముడి

పోలయ్య ఎడమచేతి వాటం మనిషి. అతను వల బాగుచేస్తే ముడులన్నీ తిరగబడి పడేవి. పక్కన కూర్చుని అల్లేవాళ్లు విసుక్కునేవారు. చొక్కా చిరిగినా ఇంట్లో సూది అడిగేవాడు కాదు, వలదారంతోనే కుట్టుకుని అదే ముడి వేసేవాడు. ఉతికేటప్పుడు ఆ గట్టి ముడి సూరమ్మ వేళ్లకు గీసుకునేది. అప్పుడామె మొగుణ్ణి తిట్టుకునేది.

వాళ్లది మూలపేట దాటాక ఇసుకలో ఉన్న ఊరు. ఇక్కడ వేట సాగక మగవాళ్లు ఏటా గుజరాత్ బోట్ల మీద కూలికి పోతారు. అక్కడి సముద్రంలో మనకూ పాకిస్తాన్‌కూ మధ్య గీత ఎక్కడో నేటికీ తేలలేదు. సూరమ్మ పుట్టకముందెప్పుడో పెద్దవాళ్లు నేలను పంచుకున్నారు, తర్వాత కొట్టుకున్నారు, నీటిని మాత్రం తగువులోనే వదిలేశారు. చేప ఎటు పోతే బోటు అటు పోతుంది. పోలయ్య ఉన్న బోటును అలాగే పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. అక్కడి జైల్లోనే జబ్బు చేసి పోయాడని కబురొచ్చింది.

కబురొచ్చింది గాని శవం రాలేదు. రెండు దేశాలకూ మళ్లీ చెడిందట, కాగితాలు కదలలేదు. అంతకుముందు పక్క ఊరికి ఒకరి బదులు ఇంకొకరి పెట్టె వచ్చిన సంగతి అందరికీ తెలుసు. అందుకే అత్త నారాయణమ్మ కోడలి గాజులు తీయనివ్వలేదు. తన కొడుకని తాను చూసి చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దంది. సూరమ్మ అటు ముత్తయిదువా కాదు, ఇటు విధవా కాదు. పేరంటానికి పిలిచేవాళ్లు లేరు, ఓదార్చేవాళ్లూ తగ్గిపోయారు. తన చేతులు చూసుకుంటే తనకే వెలపరం పుట్టేది.

చివరికి ఎండాకాలంలో ఒక పొద్దుట పెట్టె వచ్చింది. బయట పోయినవాణ్ణి ఊళ్లోకి తేకూడదు గనక తెప్పల పక్కనే దించారు. పెట్టె వెనకాల కార్లు, కార్ల వెనకాల మైకు. ఎవరో పెట్టె మీద జెండా కప్పారు. ఒక నాయకుడు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దాన్ని తీయకుండానే మాట్లాడాడు. పోలయ్య వీరుడన్నాడు, రక్తానికి రక్తమన్నాడు, ఈసారి యుద్ధమొస్తే ఆ దేశం మ్యాపులో ఉండదన్నాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఇటు ఆయన మనుషులూ అటు ఇంకో పార్టీవాళ్లూ, పెట్టె తమ వల్లే వచ్చిందంటే తమ వల్లే వచ్చిందని తోసుకున్నారు. ఎవరో సూరమ్మ గడ్డం పట్టుకుని ఫోటో కోసం మొహం తిప్పారు. గడ్డానికంటిన ఆ సెంటును ఆమె కొంగుతో తుడుచుకుంది.

ఆఫీసరు కాగితం చాపి, గుర్తుపట్టినట్టు వేలిముద్ర వేయమన్నాడు. పెట్టె తెరవకూడదట, తెరిచినా చూడలేరట.

సూరమ్మ చేయి వెనక్కి తీసుకుంది. "మొకం సూడకుండా ఎవల్ని నా మొగుడనమంతారు బాబూ?"

నాయకుడు మైకు పక్కన పెట్టి, దేశం కోసం ప్రాణమిచ్చినవాడి భార్య ధైర్యంగా ఉండాలని నచ్చజెప్పబోయాడు.

"మాయన యుద్దానికెల్లలేదు బాబూ, సేపలకెల్లినాడు. మీ తాతల నాటి తగువు మీరు తెంచుకోరు. అందులో మావోల్ని తోసి ఈరులంతన్నారేటి? మన జైల్లో ఆ దేశపోల్లూ ఉన్నారంట గదా. ఆ గట్టునా ఎవతో ఇలాగే కూకునుంటాది. ముందు ఆ జెండా తీసి మడతెట్టండి, తడిసిపోద్ది."

ఎవరూ కదలకపోతే నారాయణమ్మే వెళ్లి జెండా తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది. మరుదులు మేకులు ఊడబెరికారు. మూత లేవగానే కార్లవాళ్లు వెనక్కి పరుగెత్తారు. మైకు మోసినవాడు అక్కడే వాంతి చేసుకున్నాడు.

మొహం మొహంలా లేదు. నారాయణమ్మ వంగి చూసింది. తన కొడుకు కాదంది, కాదు కాదంటూనే చతికిలబడింది. సూరమ్మ ముక్కు మూసుకోలేదు. ఒంటి మీద పొడుగు చొక్కా ఉంది, ఆ దేశపుది. జేబు పక్కన చిరుగుంటే, ఎక్కడ సంపాదించాడో, నైలాను దారంతో కుట్టి ఉంది. తడిమి చూసింది. వేలికి గీసుకుంది. ముడి తిరగబడి ఉంది.

"ఈయనే అత్తా" అంది.

వల లేనిచోట బాగుచేసుకోవడానికి అతనికి ఆ చొక్కాయే మిగిలింది కాబోలు.

కడవతో సముద్రం నీళ్లు తెచ్చి తల నుంచి పాదాల దాకా తనే పోసింది. దూరంగా కార్ల దగ్గర నాయకుడు మళ్లీ మైకు అందుకున్నాడు, మళ్లీ యుద్ధం గురించే. సూరమ్మ రెండు చేతులూ పెట్టె అంచుకేసి కొట్టుకుంది. గాజు ముక్కలన్నీ ఇసుకలో రాలాక, మైకు వైపు తిరిగి ఉమ్మేసి, ఇంకో కడవ నీళ్ల కోసం సముద్రంలోకి దిగింది.