మూడంతస్తుల చేపలగుంట

మొన్న వేలూరు నుంచి వస్తూ పళ్ళికొండ దగ్గర దారిపక్క హోటల్లో భోజనానికి కూర్చుంటే, పెరుమాళ్ళ పేరిట నీచు మానే పెరటాసి నెలని కూడా చూడకుండా సర్వరు వేడివేడి జిలేబి చేప వేపుడు ఉందని చెప్పాడు. సాంబారన్నం చాలన్నాను గానీ, ఆ పేరు వినగానే గుడియాత్తం పక్కన మా నాన్న తవ్వించిన గుంట గుర్తుకొచ్చింది.

నాన్న మేస్త్రీ. మోకాలు అరిగి, గోడ కట్టేందుకు వేసే కర్రల సారువ ఎక్కలేని స్థితి వచ్చాక పల్లపు చేనును గుంటగా మార్చి చేపలు వదిలాడు. ఈ పంట గట్టెక్కకపోతే అదే మోకాలితో మళ్ళీ వేలూరు పోయి సారువ ఎక్కవలసిందేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఇళ్ళు కట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది, గుంటను మూడంతస్తుల ఇల్లనేవాడు: పైన తిరిగేది కట్లా, నడుమ రోహు, అడుగున బురదలో వెతుక్కునేది మిర్గాల్, ఒకరి తిండికి ఒకరు అడ్డం రారు గనుక ఒకే నీటికి ముగ్గురు బాడుగదార్లు. మంచి ధర పలికేది మాత్రం పైఅంతస్తు కట్లాకే. వాననీటితో ఎలాగో చొరబడి పిల్లలు పెట్టే జిలేబిని బాడుగ ఇవ్వని చుట్టమని తిట్టేవాడు.

చేప ఎదిగేసరికి పెరటాసి వచ్చింది. ఊళ్ళో చాలామంది నీచు ముట్టరు, ధర పడిపోతుంది. అయినా వానలు దగ్గరపడ్డాయని నాన్న వల తీశాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు.

"పెరుమాళ్ళ నెల పోనీ నాయనా, చేపలు యాడికి పోతాయి?" అంది.

నెల దాటితే దీపావళి ధర వస్తుందన్న ఆశ నాన్నకూ లేకపోలేదు. భక్తీ లాభమూ ఒకే మాట చెబుతున్నట్టు తోచి, వల మళ్ళీ దండెం మీదికి చేరింది.

నెల చివర్లో కురిసిన వానకు గట్టు మీదుగా నీళ్ళు పొర్లి, కట్లా అంతా వాగులో కలిసింది, రోహు కూడా చాలావరకు పోయింది. నాన్న తడిసిన గట్టు మీద కూర్చుని, "యాడికి పోతాయో ఇప్పుడు తెలిసినాదా అమ్మా?" అన్నాడు, కోపం లేకుండా. ఆ కోపం లేకపోవడమే నాకు బాధనిపించింది.

నాయనమ్మ అడుగున మిగిలిన మిర్గాల్‌నూ, చుట్టం జిలేబినీ గంపకెత్తుకుని తరువాతి నెలంతా గుడియాత్తం సంతలో కూర్చుంది. కట్లా కొనలేని బీడీ పనివాళ్ళూ మగ్గాలవాళ్ళూ జిలేబి కొనుక్కుపోయారు. ఆ రాబడితోనే మళ్ళీ చేపపిల్లలు వచ్చాయి, నాన్న సారువ ఎక్కలేదు.

ఇప్పుడు ఆ గుంటలో తమ్ముడి కొడుకు జిలేబిని మాత్రమే, మేత కొని మరీ పెంచుతున్నాడు. పెరటాసిలోనూ బెంగళూరుకు బండి పోతుంది. తప్పనను, వాడు ఆగితే పక్కవాడు అమ్ముకుంటాడు. ఆ రోజుల్లో ఊరంతా కలిసి ఆగేది, ఆగి నష్టపోయినా తోడుండేది. మొన్న ఆ హోటల్లో సాంబారన్నం తిన్నది నేనొక్కణ్ణే.