సీతాబాయి తెచ్చిన నల్లమట్టి

సీతాబాయి చేత్తో నాటిన మిరపనారు చచ్చిందని నర్సింహులపేట చుట్టుపక్కల తండాల్లో ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ ధీమాతోనే చెల్పూర్‌లో కూతురింటికి వస్తూ, చేనులోని నల్లమట్టిలో మాగిన పెంట ఎరువు కలిపి, సంచెడు బస్సులో మోసుకొచ్చింది. కూతురు శోభ అంగన్‌వాడీకి వెళ్లగానే డాబా ఎక్కి, అక్కడున్న ఒకే ఒక్క మొక్క కుండీలో వేలుపెట్టి చూసింది. ఉత్త ఇసుక, ఇటుక ముక్కలు, పేరుకి కాస్త ఎర్రమట్టి. మొక్కకు ఇదేం తిండని నొచ్చుకుని అంతా పారబోసింది. తన మట్టి నింపి కడుపు నిండా నీళ్లు పోసింది. మొక్క సంగతి ఇక తనే చూసుకుంటానని శోభకు చెప్పి రోజూ పోసింది.

అది ఆకుల్లోనే నీళ్లు దాచుకునే సక్యులెంట్. శోభ భర్త హరిలాల్ పెంచినవాటిలో, అతను పోయాక మిగిలింది అదొక్కటే.

ఆదివారం శోభ డాబా ఎక్కేసరికి ఆకులు ఉడికిన వంకాయల్లా మెత్తబడి ఉన్నాయి. కుండీ బోర్లిస్తే ముద్దకట్టిన మట్టిలోంచి కుళ్లిన వేళ్లు వచ్చాయి. వెనకే మెట్లెక్కి వచ్చిన సీతాబాయి అది చూసింది.

శోభ కత్తి తుడిచి కాండాన్ని కింది నుంచి కోసింది. లోపల కుళ్లిన గోధుమరంగు మచ్చ. ఇంకాస్త పైకి కోసింది. మళ్లీ మచ్చే. సీతాబాయి నోట్లో కొంగు కుక్కుకుంది. జానెడు కాండం బెత్తెడైంది, బెత్తెడు రెండు వేళ్ల పొడవైంది. ఇంకో కోత పడితే కాండమే మిగలదనగా లోపల తెల్లగా కనిపించింది.

"గిప్పుడు నీళ్లల్ల పెడ్తవా బిడ్డా?"

"వద్దు యాడీ," అంది శోభ. తండాలో అమ్మను అలాగే పిలుస్తారు. "కోసిన కాడ ఎండినంకనే ఇసుకల పెట్టాలె. చుక్క తడి తగిలినా కుళ్తది. నువ్వు మాత్రం ముట్టకు."

ఆ ముక్కను డాబా మీద ఓ మూల వేసిన రేకుల నీడన పీట మీద పెట్టింది.

మర్నాడు శోభ పనిలో ఉండగా వాన దిగింది. జల్లు ఏటవాలుగా రేకుల కిందికి కొట్టింది. బతుకంతా మబ్బు కోసం ఎదురుచూసిన సీతాబాయి తొలిసారి దాన్ని తిట్టుకుంటూ మెట్లెక్కింది.

శోభ గొడుగు పట్టుకుని పరుగున వచ్చేసరికి తల్లి జల్లుకు వీపు పెట్టి, పీట మీదికి వంగి కూర్చుని ఉంది. చీరంతా నీళ్లు కారుతున్నాయి. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. పీట మాత్రం పొడిగా ఉంది.

"నేను ముట్టలే బిడ్డా," అంది సీతాబాయి.

శోభకు ఏడుపు ఆగలేదు. తల్లి చేతులు తన కొంగుతో పొడిగా తుడిచి, వాటిలో పీట పెట్టింది.

"పట్టుకో యాడీ. లోపటికి తీస్కపోదాం."