పక్కకు జరగమన్న సారు

ఆదోని బస్టాండులో ఎవరైనా ఫోన్‌లో ఊరి గురించి చదువుతుంటే చాలు, రిటైరైన డ్రాయింగు సారు ఒకరు వచ్చి పక్కన కూర్చునేవారు. "ఊరికే సదివి పోతే ఎట్లప్పా? నీ ఫోన్లో ఉండే ఫోటో ఒగటి ఆ పేజీలో పెట్టిపో" అనేవారు. అందరూ కలిసి రాసుకునే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వమంటే ఆయనకు అంత పిచ్చి.

ఫోటోలో మనుషులు పడితే మాత్రం ఒప్పుకునేవారు కాదు. చెయ్యి ఆడిస్తూ, "పక్కకు జరుగప్పా, గోడను కనపడనీ" అనేవారు.

ఆయన పోరు పడలేక ఒక సాయంత్రం ఎమ్మిగనూరు రోడ్డులోని పాత పత్తి మిల్లును ఫోటో తీశాను. గేటు ముందున్న మేకలను అదిలిస్తూ ఆయనా అందులో పడ్డారు. ఆయన నేర్పిన పద్ధతే కదా అని ఆయన్ను కత్తిరించి, మిగతాది పేజీలో పెట్టాను. అసలు ఫోటో ఉంచుకోవాలన్న బుద్ధి నాకు లేకపోయింది.

తర్వాత మిల్లును పడగొట్టారు. పోయిన నెల సారు కూడా పోయారు.

"ఆధార్ కార్డులో మొగమే తెలీడం లేదు నాయనా. మీ సారుది ఫోటో యాడన్నా ఉంటే ఇయ్యి" అని ఆయన భార్య అడిగింది.

పేజీ తెరిచాను. గోడ ఇటుక ఇటుకా కనపడుతోంది. దాని అంచున, నేను చూసుకోకుండా వదిలేసిన ఆయన చేతి నీడ ఇంకా పక్కకు జరగమంటోంది.