కండువా అడ్డం పెట్టిన దొర

మా వంశ గౌరవమంతా ఒక్క కండువా కొసకు వేలాడి, పట్టపగలు ఎడపల్లిలో, నలుగురి ముందు జారిపడింది. ఆ ఘనకార్యం చేసింది నేనే, వినండి!

దొరల కోటలాంటి మా గడి కూలినా నా వెన్ను మాత్రం చెరుకుగడలా నిటారుగానే ఉండేది. తాత నుంచి నా దాకా మా ఇంటి ఫొటోల్లో ఒక్కరూ నవ్వరు.

"అది మా గాంభీర్యమమ్మా" అన్నాను నిజామాబాద్ పళ్ల డాక్టరమ్మతో.

ఆమె నా నోట్లోకి లైటు కొట్టి చూసింది. "గాంభీర్యం కాదు సార్, పండ్లు వంకర."

నలభై రెండేళ్లకు పళ్లకు క్లిప్పులు! పైగా చిగుళ్లలో దాక్కున్న కోరపన్నును కిందికి లాగడానికి చిన్న కోత, రెండు కుట్లు.

"వారం దాకా నోరు తెరిచి నవ్వద్దు" అంది.

"మా ఇంట్ల నవ్వక మూడు తరాలాయె!"

పైకి అలా అన్నాను గానీ పళ్లు చక్కబడతాయని లోపల ఒకటే సంబరం! అద్దం వదిలితే ఒట్టు. కానీ దొర బడిపిల్లల్లా క్లిప్పులు పెట్టుకున్నాడని ఊళ్లో తెలిస్తే?

మూడోనాడే సాయిలు గృహప్రవేశం. వాళ్ల నాయన మా చెరుకు తోటలో జీతగాడు. ఇప్పుడు సాయిలుది రెండంతస్తుల బిల్డింగు. పోకపోతే కుళ్లుకున్నానంటారు. ఠీవిగా వెళ్లాను, కండువా కొస నోటికి అడ్డం పెట్టుకొని.

మీకు అర్థమైపోయింది కదూ? ఒకప్పుడు దొరల ముందు జీతగాళ్లు నిలబడే తీరది! నాకే తట్టలేదు.

వాకిట్లో జనమంతా నా వైపు తిరిగారు. సాయిలు తల్లి లచ్చవ్వ గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓ సాయిలూ, జర సూడురా! మీ బాపు గీ దొర తాత ముంగట గిట్లనే నిలవడుతుండె. గియ్యాల దొర మన ముంగట నిలవడ్డడు!"

సాయిలు ఉరికొచ్చాడు. "తప్పు దొరా, గా కండువ తియ్యుండ్రి!"

"తియ్య..." కుట్లు లాగాయి. "...ను!"

"ఎంత ఇనయమున్నది!" అని ఎవరో ముక్కు చీదారు.

నేను కండువా ఇంకా బిగించాను. నా వినయం ఇంకా పెరిగింది. చివరికి లచ్చవ్వే వచ్చి గుంజేసింది. తెరుచుకున్న నోట్లో ఎండ పడి తళతళ!

"ఓయవ్వో! దొర పండ్లకు తార్ల కంచె!" దగ్గరికొచ్చి తొంగి చూసింది. "మీ తాత మా నోర్లకు తాళమేసిండు. నీ నోటికెవరేసిండ్రు బిడ్డా?"

ఫక్కున నవ్వాను. మూడు తరాల నవ్వు ఒక్కసారే! కుట్టు పుటుక్కున తెగింది.

డాక్టరమ్మ మళ్లీ కుట్టాక, ఇంటికొచ్చి తాత ఫొటో ముందు నిలబడి ఆయన మీసాల మీద ఒట్టేశాను. ఈ జన్మలో మళ్లీ నోటికి కండువా అడ్డం పెట్టను, కుట్లన్నీ తెగినా సరే!

తాత ఎప్పట్లాగే నవ్వలేదు. పాపం, ఆయన పళ్లూ వంకరే.