సగం ఇంటిది

మా నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కు కిరాయికి వచ్చే చిన్న కరెంటు ట్రక్కు ఆయనదే. మేమంతా భాయ్ అని పిలిచేవాళ్లం. తాండూరులో ఎక్కడికైనా లోడు వేసుకునేవాడు. దూరమున్న వికారాబాద్ అంటే మాత్రం ముందు బ్యాటరీ ఛార్జింగ్ మీటరు చూసి, దాని అద్దాన్ని బొటనవేలితో తుడిచి, "సగం ఇంటిదన్నా, రాను" అనేవాడు.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఒక మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయినప్పుడు వాళ్లింటి ముందు ఆగాను. అప్పుడు తెలిసింది. ట్రక్కు బ్యాటరీ నుంచి ఒక వైరు కిటికీలోంచి లోపలికి పోయింది. లోపల ఆక్సిజన్ మిషన్ నడుస్తోంది. పక్కన మంచం మీద, రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిపోయిన ఆయన భార్య.

"కరెంటు వస్తది, పోతది. ఈమెకు గాలి ఆగద్దు గదన్నా" అన్నాడు.

రంజాన్‌కు ముందే ఆమె పోయింది. మిషన్ ఇంకెవరికో ఇచ్చేశారు. వారం తిరక్కుండానే భాయ్ పనిలోకి వచ్చాడు. ఆయన ఏడవడం ఎవరూ చూడలేదు.

ఇక దూరం కూడా వస్తాడనుకుని, "వికారాబాద్ లోడుంది భాయ్, పోతవా?" అన్నాను.

మీటరు చూశాడు. అద్దం తుడిచాడు.

"సగం ఇంటిదన్నా, రాను."

ఇంట్ల ఎవరున్నరని అడగబోయి, ఇంకో బండికి ఫోన్ చేశాను. అందులోకి రాళ్లు ఎక్కిస్తున్నంతసేపూ భాయ్ తన ఖాళీ ట్రక్కులోనే కూర్చున్నాడు.