పాట మధ్యలో ఆగిన డ్రమ్ము

మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకు తన ఇయర్‌ఫోన్లు తీసి నా చెవుల్లో దోపి, "మామా, మా మొదటి ఆల్బమ్. ప్రోగ్రెసివ్ మెటల్. జర ఓపికతోటి ఇను" అన్నాడు. ఓపిక దేనికిరా, నువ్వు పుట్టకముందే ఈ కరీంనగర్‌లో మేం ఆ పని చేశాం అనబోయి, పెద్దరికం అడ్డొచ్చి ఊరుకున్నాను. విన్నాక మాత్రం నోరు ఊరుకోలేదు. ఆ గిటారు ఏ అమెరికా బృందం దగ్గర నేర్చిందో, ఆ తాళం మెలికలు ఏ ఇంగ్లండు బృందానివో వరసగా చెప్పేసరికి వాడి మొహం చిన్నబోయింది. పాపం, అందులో చిన్నబోవలసిందేమీ లేదు. మా మొదటి క్యాసెట్టు కూడా అచ్చం అలాంటిదే.

తొంభైల నాటి మాట. గిటారు మా మేనబావది, కీబోర్డు నాది, డ్రమ్ములు జమ్మికుంటలో పెళ్లి బ్యాండు నడిపే ముస్లిం కుటుంబంలోని మా దోస్తువి. హైదరాబాదు నుంచి ఎవరో తెచ్చిన ప్రోగ్రెసివ్ మెటల్ క్యాసెట్టుకు నకలు, ఆ నకలుకు మరో నకలు, అలా చేతులు మారి మా దాకా వచ్చేసరికి అందులో సగం సంగీతం, సగం గురగుర. అయినా ఏం ఊపు ఊపిందండీ మమ్మల్ని! చెవులు హోరెత్తించే గిటారు ఉన్నట్టుండి జోలపాటంత మెత్తబడటం, నాలుగు దెబ్బల నడక కాస్తా ఏడుకు తిరగడం, ఒక్క పాటే క్యాసెట్టులో ఒక వైపంతా మింగేయడం చూసి మాకు అన్నం సహించేది కాదు. మా బాపు మాత్రం "గా గిటారుకు కడుపునొప్పి లేసిందా బిడ్డా?" అని పరామర్శించేవాడు.

మాదైన పాట ఒకటి క్యాసెట్టుకు ఎక్కించాలని పంతం పట్టాం. ఎలాగైతేనేం, కరీంనగర్‌లో భజన పాటలు రికార్డు చేసే గది ఒక పగటికి దొరికింది. సాయంత్రానికి భజన బృందం వస్తుంది, మర్నాడు పొద్దున్నే బావ బొగ్గు బావుల్లో నౌకరీకి బస్సెక్కుతాడు. ఆ పగలు దాటితే మా పాట ఇక లేనట్టే. గోడలకు మా చేని పత్తి కుక్కిన గోనెసంచులు ఆనించి, చప్పుడు పడుతుందని ఫ్యాను కూడా ఆపి మొదలుపెట్టాం. ఎవరో ఒకరు తప్పడం, మళ్లీ మొదటికి రావడం, ఉడికిపోవడం. చివరికి బావే తట్టుకోలేక కిటికీ తెరిచాడు.

ఆ తర్వాతి ప్రయత్నంలో దేవుడు కరుణించాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. మేం ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకుంటూ, ఒళ్లు పులకరిస్తుండగా, ఏడు దెబ్బల మలుపు తిరిగి శిఖరానికి ఎక్కుతున్నాం. సరిగ్గా అప్పుడే పక్క వీధి మసీదు నుంచి అజాన్ వినిపించింది, మా దోస్తు డ్రమ్ము పుల్లలు రెండూ తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు!

మా వైపు పెళ్లి ఊరేగింపు ఎంత జోరు మీదున్నా అజాన్ వినపడితే మేళం ఆగుతుంది, అది అయ్యాకే మళ్లీ కదులుతుంది. చిన్నప్పటి నుంచి ఊరేగింపుల్లో వాయించిన చేతులు వాటంతటవే ఆగిపోయాయి. బావ గిటారు తీగలు అదిమిపట్టి గుడ్లురిమాడు. నేను బిత్తరపోయి కీబోర్డు మీద నొక్కిన వేలు ఎత్తడం మరిచాను. గదిలో ఆ ఒక్క స్వరమే సన్నగా మోగుతూ ఉండిపోయింది. అజాన్ ముగిసింది. దోస్తు పుల్లలు తీసి, ఏమీ జరగనట్టు అదే నడకలో, ఆపిన చోటనే అందుకున్నాడు. మా చేతులు కూడా వాటంతటవే అతని వెంట పరుగెత్తాయి. పాట పూర్తయింది.

"గిది ఊరేగింపా భాయ్? పాట మొత్తం ఖరాబ్ అయింది!" అని బావ అరిచాడు. దోస్తు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆపాలనుకోలే. చెయ్యే ఆగింది" అన్నాడు. రికార్డు చేసే పెద్దాయన తెల్లబోయి, "అయ్యో, గా ఆగుడు గుడ పాటల ఉన్నదే అనుకున్న. మీ పాటల ఎప్పుడు ఏం మారుతదో నాకేం ఎర్క? టేపు నడుస్తనే ఉన్నది" అన్నాడు. మళ్లీ వాయించే వ్యవధి లేదు, భజన వాళ్లు మెట్లెక్కుతున్నారు.

ఆ క్యాసెట్టునే నకళ్లు తీసి పంచాం. కాలేజీ ఎదుటి హోటల్లో మొదటిసారి మోగినప్పుడు నా గుండె డ్రమ్ముకంటే గట్టిగా కొట్టుకుంది. విన్న కుర్రాళ్లు తక్కువవాళ్లా, ఈ గిటారు ఫలానా వాళ్లది, ఆ మలుపు ఫలానా వాళ్లదని ఎక్కడికక్కడ పట్టేశారు. నేను కుర్చీలో కుంచించుకుపోతున్నాను. అంతలో ఆ చోటు వచ్చింది. మైకులు వాయిద్యాల దగ్గరే ఉండటంతో అజాన్ టేపుకు ఎక్కలేదు, నా వేలి కింది ఒక్క స్వరమే ఉంది. చాయ్ తాగేవాళ్లు కప్పులు పట్టుకుని ఆగిపోయారు. మళ్లీ డ్రమ్ము పడగానే ఒకడు ఎగిరి లేచి, "అన్నా, గిది యాడికెళ్లి తెచ్చిండ్రే?" అన్నాడు. ఎక్కడి నుంచీ తేలేదు! నేను లేచి బస్టాండుకు పరుగెత్తి జమ్మికుంట బస్సెక్కాను, ఆ మాట దోస్తుకు చెప్పేదాకా నిలవలేక.

ఈ కథ విని మేనల్లుడు చాలాసేపు నవ్వి, తమకు ఆ పరేషాన్ లేదన్నాడు. వాళ్ల బృందంలో ముగ్గురూ మూడు ఊళ్లలో, ఎవరి గదిలో వాళ్లు, తలుపులు బిగించుకుని వాయించి కంప్యూటర్లో కలుపుతారట. బయటి చప్పుడు లోపలికి రాదు. సుఖమే, కాదనను. కానీ నేర్చినదంతా వాయించినా మాదనిపించుకోని ఆ పాట, మేం ఆగిన ఆ కాసేపట్లో మాదైంది. ఇప్పుడు ఆ మూడు గదుల్లో ఎవరైనా ఆగినా, మిగిలిన ఇద్దరికీ తెలియదు.